తల ఎత్తకుండా నీళ్లు తాగేవాళ్లు

నన్ను పెంచినవాణ్ణి మావయ్య అని పిలవాలి. మావయ్యట, మావయ్య! వాడి మొహం మండ. అమ్మా నాన్నా పోయాక నన్నూ, చెల్లినీ తెచ్చుకుని అన్నం పెట్టాడు. అన్నంతోపాటు నాకు మనుషుల్ని చంపడం నేర్పాడు. చెప్పిన మాట విన్నన్నాళ్లూ చెల్లి జోలికి రానన్నాడు. ఈ టైలరమ్మ పని ముగిస్తే ఇద్దర్నీ వదిలేస్తానని కూడా అన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించడంలో వాణ్ణి మించినవాడు లేడు. అయినా నమ్మాను. చెల్లి చేతికి కత్తి రాకుండా ఉంటే నాకంతే చాలు.

అలా ఈ కొట్లో కాజాలు కుట్టే పనికి చేరాను. టైలరమ్మ నోరు మహా చెడ్డది.

"ఇది కాజానా, ఎలక కొరికిన కంతా? విప్పి మళ్లీ కుట్టు!"

"కుడుతున్నాగా, అరుస్తారెందుకు?"

"అరవక జోల పాడమంటావా?"

చంపాల్సిన మనిషి చేత రోజూ తిట్లు తినాలంటే ఒళ్లు మండిపోతుంది. ఆ మంట పనికొస్తుందిలే అని దాచుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం పక్క కొట్లవాళ్లు భోజనాలకి వెళ్లారు. టైలరమ్మ మిషను ఆపి నీళ్ల గ్లాసు అందుకుంది. గుడ్డముక్కల కింద దాచిన కత్తి మీద నా చెయ్యి పడింది. ఎవరైనా నీళ్లు తాగేటప్పుడు తల వెనక్కి వాలుస్తారు, గొంతు బయటపడుతుంది. వెయ్యాల్సింది అప్పుడే. అందుకే మావయ్య తను నేర్పినవాళ్లని మాత్రం అలా తాగనివ్వడు. గడ్డం దించుకుని, కళ్లు ఎదుట పెట్టుకుని గుక్క గుక్కా తాగాలి. తల ఎత్తితే చెప్పు వచ్చి మొహానికి తగిలేది.

టైలరమ్మ ఎప్పుడు తల ఎత్తుతుందా అని కాచుకున్నాను. ఎత్తలేదు. గడ్డం దించుకుని, గ్లాసు మీంచి నన్నే చూస్తూ ఆఖరి చుక్కదాకా తాగింది.

"ఏంటే, గొంతు కనపడలేదా?" అంది. "ఆ ముసలాడు చెప్పులు ఇంకా అలాగే విసురుతున్నాడా?"

గుడ్డముక్కల కిందనుంచి కత్తి బయటికి లాగాను.

"నువ్వొచ్చిన రోజే చూశా, నీళ్లు తాగుతుంటే. మరెందుకు పెట్టుకున్నానంటావా? వీధిలో తిరిగే కంటే నా కళ్లెదుటే ఉంటావని." గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎవర్ని అడ్డం పెట్టుకుని ఆడిస్తున్నాడు నిన్ను?"

"చెల్లిని."

"నాకు తమ్ముణ్ణి. ఒక్క పని చేసిపెడితే వదిలేస్తానన్నాడు. చేశా. నేను ఆ పని మీద తిరుగుతుంటే ఇక్కడ వాడికి నేర్పేశాడు. నేను పారిపోతే నా మీదకి వాణ్ణే తోలాడు."

"మీ తమ్ముడేమయ్యాడు?"

"నేను బతికే ఉన్నాగా," అంది టైలరమ్మ.

ఫోను తీసి చెల్లికి కొట్టాను. వెంటనే ఎత్తింది.

"ఎక్కడున్నావే? ఉన్నపళంగా ఆ ఇంట్లోంచి బయటికొచ్చెయ్!"

"వచ్చే ఉన్నా అక్కా. నీ కొట్టు ముందే ఉన్నా."

తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. పోయిన నెల నేను కొనిచ్చిన పసుపుపచ్చ చొక్కా వేసుకుంది. ఫోను జేబులో పెట్టుకుని, అదే చేత్తో కత్తి బయటికి తీసింది. ఆ పిడి మీద వేళ్లు నావాటికంటే కుదురుగా ఉన్నాయి.

"పారెయ్యవే దాన్ని! చంపుతా నిన్ను!"

"నువ్వు పని చెయ్యకుండా నాటకాలాడుతున్నావని మావయ్య అంటే నేను నమ్మలేదు. పక్కకి జరుగు."

"వాడి మాటలు వింటావేంటే, పిచ్చిదానా? ఈ పని నీతో ఎందుకు చేయిస్తున్నాడో తెలుసా?"

"తెలుసు," అంది చెల్లి. దాని మొహం వెలిగిపోతోంది. "ఈ ఒక్క పని నేను చేస్తే నిన్ను వదిలేస్తానన్నాడక్కా. ఇంక నువ్వెవర్నీ చంపక్కర్లేదు."

వెనకనుంచి టైలరమ్మ కత్తెర తీస్తున్న చప్పుడు వినిపించింది. నా చేతిలోని కత్తి కింద పడేసి, రెండు చేతులూ చాపి వాళ్లిద్దరి మధ్యా నిలబడ్డాను. చెల్లి ఆగలేదు.