గెడ్డ దాటిన బెల్లు

నేను ఒక పాత సైకిల్‌ని. మొదట నన్నొక పోస్టుమ్యాన్ తొక్కాడు. ఆయన రిటైరయ్యాక దాలినాయుడి చేతికి వచ్చాను. ఏ ఇంటికి వెళ్లినా మలుపులోనే మూడుసార్లు బెల్లు కొట్టడం దాలినాయుడి అలవాటు.

దాలినాయుడు మంచినీళ్ల ఆఫీసులో గుమాస్తా. నీళ్లలో విషముందని పరీక్షలో తేలినా, పైవాళ్లు బాగానే ఉన్నాయని రాయించారు. ఆయన అసలు కాగితాలు నా క్యారియర్‌కి కట్టుకుపోయి పత్రికవాళ్లకిచ్చాడు. ఆ నీళ్లు ఆపారు. ఆఫీసు కాగితాలు దొంగిలించాడని ఆయన్ని మూడేళ్లు లోపలేశారు. ఆ మూడేళ్లూ నేను పోలీసు స్టేషన్ వెనక, హ్యాండిల్‌కి కేసు చీటీతో పడి ఉన్నాను.

ఇద్దరం ఒకే వారం విడుదలయ్యాం. నా చీటీ తెంపేశారు. ఆయనకి మాత్రం కొత్త కాగితమిచ్చారు. సోమవారం సోమవారం స్టేషన్లో సంతకం పెట్టాలి. పత్రికవాళ్లతో మాట్లాడకూడదు. రెండేళ్లపాటు మండలం దాటకూడదు. శిక్ష అయిపోయిందన్న నోటితోనే ఇదీ చెప్పారు. విడుదలంటే ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఊరి పక్కన పారే గెడ్డ మీది వంతెన సగంలో మా మండలం అయిపోతుంది. అవతలి ఊళ్లో ఆయన్ని పెంచిన అక్క సూరమ్మ చూపు పోయి మంచాన పడింది. వెళ్లనివ్వమని మూడు అర్జీలు పెట్టాడు. జవాబు లేదు. రోజూ సాయంత్రం వంతెన సగం దాకా తొక్కుకొచ్చి, బ్రేకు వేసి, ఆ ఊరికేసి చూసి తిరిగేవాడు.

ఒకరోజు మేనకోడలు అటునుంచి పరుగున వచ్చింది.

"మావయ్యా, అమ్మ గంజి కూడా మానేసింది. తమ్ముడొచ్చినాడా అనే అడుగుతంది."

దాలినాయుడు వంతెన మీద ఇసుక లారీల కాపలాకున్న కానిస్టేబుల్ వైపు చూశాడు.

"నన్నేటి సెయ్యమంటావు బాబూ? కాయితంలో నీ పేరుంది." అతను తల గోక్కున్నాడు. "సైకిలు పేరైతే నేదు."

"సైకిలెళ్లి ఏటి సేస్తాది?" అన్నాడు దాలినాయుడు.

"ఏమో! నాకూ తెల్దు."

దాలినాయుడు నన్ను అక్క ఊరివైపు తిప్పాడు. నా హ్యాండిల్ మేనకోడలి చేతికిచ్చి, "మలుపులో మూడుసార్లు కొట్టమ్మా" అన్నాడు.

ఆ పిల్ల నన్ను తొక్కుకుపోయి, వాళ్లింటి మలుపులో అలాగే కొట్టింది. లోపల మంచం కిర్రుమంది.

"వచ్చినావేట్రా దాలీ! గంజి పోయవే, ఇద్దరం తాగుతాం."

సూరమ్మ రెండు గుక్కలు తాగింది. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. వంతెన మీద ఆయన ఇంకా నిలబడే ఉంటాడు.

"లోనికి రాడేటే?" అంది సూరమ్మ.

కూతురు గిన్నె కింద పెట్టి బయటికొచ్చింది. మళ్లీ మూడుసార్లు నా బెల్లు కొట్టింది.