సారు పెట్టిన వీడియో

మూడో బెంచీలో తొమ్మిదో తరగతి మేఘన తల వంచుకుని ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, మా హెడ్మాస్టరు ముద్దుకృష్ణ గారి మీద.

పెద్దపంజాణి పక్క పల్లెలో మా హైస్కూలు. ఆదివారం ఆయన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. మదనపల్లెలో రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోస్తున్నారు. కింద 'ఈరోజు మార్కెట్ పరిస్థితి, అయ్యో రైతన్నా!' అని ఆయన రాత. మేఘన తండ్రి ఈశ్వరప్ప అది చూశాడు. ధర పడిపోతే ఈ వైపు అందరూ చేసేదే తనూ చేశాడు. కోత కూలి కూడా దండగని, పండిన తోటలోకి గొర్రెల మందను తోలేశాడు.

తీరా సోమవారం చూస్తే టమోటా మంచి ధర పలుకుతోంది.

"నేను సెప్పినాను టీచర్," అంది మేఘన వెక్కుతూ. "వీడియోలో అందురికీ మాస్కులుండాయి, ఇది కరోనా అప్పటిది నాయనా, మండీకి ఫోన్ చేసి అడుగు అన్నాను. సారు కంటే నీకెక్కువ తెలుసునా అని తిట్టినాడు."

ఫోన్లో వచ్చింది ఎప్పటిది, ఎవరు తీశారు అని అడగడం నేర్పింది నేనే. సిలబస్‌లో లేని సోది ఎందుకని సణిగింది ఈ మహానుభావుడే!

విసవిసా ఆయన గదికి పోయాను. "యాడిది సార్ ఆ వీడియో?"

"ఎవురో పంపినారమ్మా. రైతులు పాపమని పెట్టినాను. నేనేమన్నా గొర్రెల్ని తోలమంటినా?"

"మాస్కులు కనబడలేదా సార్? తొమ్మిదో తరగతి పిల్లకు కనబడినాయే!"

గట్టిగానే అరిచాను. వరండాలో పిల్లలంతా విన్నారు. విననీ.

అంతలో కూతురి కోసం వచ్చిన ఈశ్వరప్ప గుమ్మంలో కనిపించాడు. వెనకే మేఘన. ఇతనైనా నాలుగు దులుపుతాడనుకున్నాను. తువ్వాలు చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు.

"సారునేమీ అనగాకమ్మా, మా రాత అట్లుండాది," అన్నాడు నాతో. తర్వాత ఆయన వైపు తిరిగాడు. "సార్, ఇంగేమన్నా వస్తే గ్రూపులో పెట్టండి. మాకు యాడ తెలుస్తాది? మీరు పెడితేనే నమ్మేది."

"అట్లేలేప్పా," అన్నారు ముద్దుకృష్ణ గారు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

ఈశ్వరప్ప ఆయనకు దండం పెట్టి, నువ్వూ పెట్టమని కూతురికి సైగ చేశాడు. మేఘన పెట్టలేదు. నేనూ పెట్టమనలేదు.