ఇంజను చప్పుడు

"ఇవాళ నీ నోటికి సెలవిచ్చెయ్యవే," అన్నాడు మా ఆయన, నేను పడవలో సీట్లు తుడుస్తుంటే.

"సెలవిస్తే జీతం కోస్తావా?" అన్నాను.

అసలు జీతమంటూ ఉంటే కదా కోయడానికి! పదిహేడేళ్లుగా ఈ పడవలో నేను చేయని పని స్టీరింగు పట్టుకోవడం ఒక్కటే. అదీ ఆయనకి కునుకొచ్చిన రోజున నేనే పడతాను. సీట్ల మీద పక్షులు చేసిపోయిన ఘనకార్యాలు తుడవాలి. లైఫు జాకెట్లు ఎండేయాలి. ఫ్లాస్కులో టీ పొయ్యాలి. రేవు రాగానే తాడు పట్టుకుని ముందు నేనే దూకాలి. ముసలివాళ్లకి చెయ్యివ్వాలి, పిల్లలు కక్కితే ఎత్తిపొయ్యాలి, ఈ మధ్యలో అందర్నీ నవ్విస్తూ ఉండాలి. రేవులో మా బోర్డు మీద "కెప్టెన్ గారి ప్రైవేటు పడవ విహారం. చేతిపనుల దీవులు మూడు. ముప్పై ఏళ్ల అనుభవం" అని రాసుంటుంది. ఆ ముప్పైలో పదమూడేళ్లు మా మామగారివి, పదిహేడు నావి. కెప్టెన్ గారి అనుభవం ఎక్కడుందో నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

చూశారా, ఇదీ నా జబ్బు. నోరు ఊరుకోదు. రేవులో అందరూ నన్ను రేడియో అంటారు. పెళ్లైన కొత్తలో మా ఆయన తెగ మురిసిపోయేవాడు, "మా రేడియోకి ఆపే మీట లేదండోయ్" అని. పోనుపోనూ మీట ఎక్కడుందో కనిపెట్టాడు. అది నా చెవి దగ్గరుంది.

ఎడమ చెవి పోయి నాలుగేళ్లయింది. పోయిన నెల కుడి చెవిలోంచి నీళ్లూ నెత్తురూ కలిసి కారితే ఆస్పత్రికి వెళ్లాను. తలుపు తగిలిందండీ అన్నాను. డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, "ఈ తలుపుకి ఐదు వేళ్లున్నాయే" అంది. చెవిలో పొర చిల్లుపడిందనీ, జాగ్రత్తగా ఉంటే అదే పూడుకుంటుందనీ, ఇంకొక్క దెబ్బ పడితే ఈ చెవీ ఆ చెవి దారే పడుతుందనీ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుని వలవలా ఏడ్చాడు. "ఒట్టు. చెవి మీద కొట్టను" అన్నాడు. కొట్టను అనలేదు, చెవి మీద కొట్టను అన్నాడు. నిజం చెప్పొద్దూ, మాట మీద నిలబడ్డాడు. ఆ వారమంతా వీపు మీదే కొట్టాడు.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ మీకు అర్థం కాదు. ఆయన ఇంట్లో కొట్టడు. మా గోడలు పల్చన, పక్కవాటాలో టైలరు కత్తెర ఆడించినా మాకు వినపడుతుంది. ఆయన పరువుగల మనిషి. అందుకని పడవలోనే, అదీ ఇంజను నడుస్తున్నప్పుడే. మా పడవలో స్టీరింగు వెనకాల ఉంటుంది, దానికి చిన్న కప్పూ, అడ్డంగా టార్పాలిన్ పరదా. చుట్టాలైనా టూరిస్టులైనా ముందు సీట్లలో నీళ్లకేసి చూస్తూ కూర్చుంటారు. ఆయన అవసరం లేని చోట ఇంజను రేజు చేశాడంటే నాకు పిలుపొచ్చినట్టే. పరదా వెనక్కి వెళ్తాను. ఇంజను అరుస్తుంటే నేను అరవక్కర్లేదు. రెండు నిమిషాల తర్వాత ఇంజను నెమ్మదిస్తుంది, నేను టీ కప్పులు పట్టుకుని బయటికొస్తాను. "మేడం, చక్కెర ఎన్ని చెంచాలు?"

ఆ రోజు పడవ మొత్తం అద్దెకి మాట్లాడుకున్నది ఇద్దరే, ఒక రిటైరైన బస్సు కండక్టరుగారూ, ఆయన భార్యా. కండక్టరుగారు పడవెక్కుతూనే "రైట్ రైట్!" అని అరిచి తనే విరగబడి నవ్వాడు. వెనక ఆవిడ రెండు సంచులు, ఒక గొడుగు, ఆయన కళ్లజోడు, ఆయన టోపీ మోసుకొచ్చింది. ఆయన చేతులూపుకుంటూ వచ్చాడు. నేను సంచి అందుకోబోతే ఆవిడ, "వద్దులేమ్మా, అలవాటే" అంది. తర్వాత చాలాసేపు ఆవిడ గొంతు నేను వినలేదు.

మొదటిది గాజు దీవి. అక్కడి మేస్త్రీ ఎర్రగా కాలిన గాజు ముద్దని గొట్టం చివర తిప్పుతూ, పట్టకారుతో ఇటొక లాగు అటొక లాగు లాగి నిమిషంలో గుర్రాన్ని చేసేస్తాడు. మెడ, జూలు, నాలుగు కాళ్లు, అన్నీ చకచకా. కండక్టరుగారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా ఆయన పక్కనే చేతులు కట్టుకుని, గుర్రాన్ని తానే కన్నట్టు నిలబడ్డాడు. నా నాలుక దురదపెట్టింది.

"మేస్త్రీగారు నిమిషంలో గుర్రాన్ని చేస్తారండీ. నేను పదిహేడేళ్లుగా మా కెప్టెన్ని మనిషిని చేస్తున్నాను, ఇంకా కాళ్లే రాలేదు!"

కండక్టరుగారు తొడ చరుచుకుని నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు. కొలిమి దగ్గర బొగ్గు మసితో ఉన్న పనివాళ్లూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. కోపంలో నవ్వితే ఆయన కింది పెదవి మాత్రం నవ్వదు, అప్పుడూ నవ్వలేదు.

రేవు దాటగానే ఇంజను రేజు అయింది.

పరదా వెనక ఆయన ఏమీ తిట్టలేదు. నా జుట్టు చేతికి చుట్టుకుని తల కిందికి వంచి, మోకాలితో పక్కటెముకల్లో పొడిచాడు. రెండోసారి పొడిచినప్పుడు లోపల ఏదో టక్కుమంది. ఊపిరి తీస్తే గాజు పెంకు గుచ్చినట్టుంది. "చెవి ముట్టుకున్నానా? ఆ? ముట్టుకున్నానా?" అని అడిగాడు నోరు నా మొహానికి ఆనించి. లేదని తలూపాను. "మరి!" అన్నాడు, నాకేదో ఉపకారం చేసినట్టు. బయటికొచ్చి టీ పోశాను. కప్పు అందుకుంటూ కండక్టరుగారి భార్య నేను పక్కటెముకలు అదిమిపట్టుకోవడం చూసింది. చక్కెర వద్దంది.

రెండోది లేసు దీవి. అక్కడ ప్రతి గుమ్మంలోనూ ఒక ముసలామె దిండు ఒళ్లో పెట్టుకుని సూదితో లేసు అల్లుతూ కనిపిస్తుంది. మూడో గుమ్మంలో ఉండేది మా అత్తయ్య, మా ఆయన్ని కన్నతల్లి. ఒట్టి దారంతో గాలిలో ఆకులూ పువ్వులూ అల్లిన చెయ్యి అది ఒకప్పుడు. ఆ మణికట్టు రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని పన్నెండేళ్లుగా ఒకే ఆకు మీద సూది ఆడిస్తోంది. లోపల షాపులో అమ్మే లేసంతా మిషను మీద అల్లింది, పెట్టెల్లో వస్తుంది. టూరిస్టులు గుమ్మంలో అత్తయ్యని ఫొటో తీసుకుని, లోపల మిషను లేసు కొనుక్కుని వెళ్తారు. కండక్టరుగారు కూడా బేరమాడ్డానికి లోపలికి పోయాడు, మా ఆయన్ని వెంటేసుకుని.

అత్తయ్యకి రెండు చెవులూ వినపడవు. మన పెదాలు చూసి మాట పట్టేస్తుంది. ముసలితనం కదా అనుకునేదాన్ని నేను. ఆవిడ నేను ఒక పక్కకి వాలి నిలబడ్డం చూసి, "ఎక్కడ తగిలించాడు?" అంది.

పక్కటెముక చూపించాను.

"చెవి మీద కాదు కదా?"

"కాదు అత్తయ్యా. ఒట్టు పెట్టాడు."

"నయమే. మా ఆయన వెతుక్కుని మరీ చెవి మీదే వేసేవాడు," అంది, సూది మొనతో ఒక్కో చెవీ చూపిస్తూ. "ముందు ఇది పోయింది. ఇది పోయిన మూడేళ్లకి ఇది."

నేను ఆవిడ కళ్లలోకే చూస్తున్నాను. పదిహేడేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ నా భుజం తట్టింది. ఆ తట్టడంలో నిజంగానే ప్రేముంది, అదే నన్ను చంపేసింది.

"బెంగపెట్టుకోకే పిచ్చిదానా. రెండోది కూడా పోయాక హాయిగానే ఉంటుంది. ఏం తిట్టినా వినపడదు. నోరు ఒక్కటే కదుల్తుంటుంది, నీళ్లలో చేపలాగ. నాకు నవ్వొచ్చేది. నీకు మరీ బాగుంటుంది, నువ్వసలే నవ్వుల మనిషివి."

నాకు ఓదార్పు చెప్తోంది ఆవిడ. తను కూర్చున్న కుర్చీ తుడిచి, నా కోసం పక్కకి జరిపి పెడుతున్నట్టుంది. నేనూ ఒక రోజు అక్కడే, అలాగే, ఒకే ఆకు మీద సూది పట్టుకుని, ఎవరేమన్నా చేప నోరు చూసి నవ్వుకుంటూ కూర్చోవాలన్నమాట. నా జోకు విని జనం నవ్వితే ఆ నవ్వు నాకు వినపడదు. రేడియో ఉంటుంది, స్టేషన్ ఉండదు. కోడళ్లకి అత్తలు గొలుసులిస్తారు, గిన్నెలిస్తారు. మా అత్తయ్య తన చెవుడు ఇస్తోంది. చూసుకోవే, ఇది మెత్తగా ఉంటుంది, గుచ్చుకోదు, అంటూ.

ఇక మూడోది, బుట్టల దీవి. అటు వెళ్లే దారిలో ఉప్పునీళ్ల లోతు బాగా తక్కువ. లోతున్న దారికి రెండు పక్కలా గుంజలు పాతి ఉంటాయి. గుంజ దాటితే నడుముల్లోతు, దాని కింద బురద. ఆ వేళకి ఆటు మొదలై నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీస్తున్నాయి. నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. కండక్టరుగారికి తోచలేదు.

"ఏమ్మా రేడియో, బ్యాటరీ అయిపోయిందా? పొద్దున చెప్పావే, ఆ కాళ్ల జోకు, మళ్లీ చెప్పు!" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన అంతటితో ఊరుకుంటేనా! వెనక్కి తిరిగి, "ఏమయ్యా కెప్టెన్, కాళ్లొచ్చాయా ఇంకా లేదా?" అని గట్టిగా అరిచి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇంజను రేజు అయింది.

"ఇటు రావే, తాడు చూడు," అన్నాడు మా ఆయన.

వెళ్లాను. పరదా లాగాడు. ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి ఎంత వెనక్కి వెళ్తే ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. ఇది వీపుకి కాదు. ఒట్టు అయిపోయింది. అప్పుడు నేనేం ఆలోచించానని అడిగితే చెప్పలేను. నా చెయ్యి ఇంజను తాళం మీదికి వెళ్లింది. తాళం తిప్పి లాగేశాను. ఇంజను ఆగిపోయింది. గిరుక్కున మొహం తిప్పి, ఎప్పుడో చచ్చిన ఎడమ చెవిని ఆ చేతికి ఎదురుపెట్టాను.

ఆయన చెయ్యి ఆగలేదు.

ఆ చప్పుడు! ఇసుక తిప్పల మీద వాలిన పక్షులు ఒక్కసారిగా లేచాయి. దూరంగా వల సర్దుకుంటున్న పడవలో మనుషులు తలెత్తారు. కండక్టరుగారి నవ్వు సగంలో తెగింది. పదిహేడేళ్లలో నన్ను కొట్టిన చప్పుడు నేను మొదటిసారి విన్నాను. నా కుడి చెవితో, శుభ్రంగా విన్నాను. ఇంత పెద్దదని నాకు తెలీదు.

పడవ గుంజల్లోంచి పక్కకి జారి, ముక్కు మెత్తగా బురదలో దిగింది.

"ఏమైందయ్యా?" కండక్టరుగారి గొంతు.

"ఏం లేదండీ, చెక్క పలక పడింది!" అన్నాడు మా ఆయన.

తర్వాత కండక్టరుగారు భార్యతో గుసగుసగా అన్నాడు. ఇంజను లేదు కదా, గుసగుస కూడా వినపడింది. "మనకెందుకు. మొగుడూ పెళ్లాల సంగతి. అటు చూడకు."

"ఆ తాళం ఇటివ్వు," అన్నాడు మా ఆయన పళ్ల సందుల్లోంచి. ఇవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పడవ అంచుకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. వేలి కణుపుల తోలు లేచిపోయి చెక్క మీద ఎర్రగా అంటుకుంది. నేను ఈసారి ఊరుకోలేదు, అరిచాను. ఇంజను చాటున ఇన్నాళ్లూ అరవనిదంతా కలిపి అరిచాను. మూడోసారి ఎత్తేసరికి గుప్పిట తెరుచుకుంది, తాళం ఎగిరి నీళ్లలో పడింది.

పడవ తాళాలకి బెండు ముక్క కట్టి ఉంటుంది, మునగకుండా. అదీ మునగలేదు. బారెడు దూరంలో తేలుతూ ఊగుతోంది. ముప్పై ఏళ్ల అనుభవం గల కెప్టెన్ గారు అంచు మీద వాలి చెయ్యి చాపారు. అందలేదు. కాళ్లు అవతలికి వేసి దిగారు. నీళ్లు తీస్తున్నాయన్న సంగతి ఆ కోపంలో మర్చిపోయారు. ఆయన ఒక అడుగేస్తే బెండు రెండు అడుగులు జరుగుతోంది. కాలు బురదలోంచి పీకి ముందుకి వేసేసరికి అది ఇంకాస్త అవతల ఉంటోంది. పెద్దమనిషి నడుముల్లోతు నీళ్లలో బెండుముక్క వెంటబడి వెళ్తున్నాడు. ఇంకో రోజైతే ఇదొక్కటీ పెట్టుకుని రేవంతా వారం రోజులు నవ్వించి ఉందును. ఇవాళ నవ్వు రాలేదు. చెవి పట్టుకుని చూసుకున్నాను. కుడి చెవి. పొడిగానే ఉంది.

పరదా తొలిగింది. కండక్టరుగారి భార్య నిలబడి ఉంది. సంచులు, గొడుగు, టోపీ అన్నీ కండక్టరుగారి ఒళ్లో ఉన్నాయి. ఆయన వాటిని పట్టుకోవడం రాక పట్టుకుని ఉన్నాడు.

"నాకు వినపడిందమ్మా," అంది ఆవిడ. "పొద్దున టీ ఇచ్చినప్పుడే అనుకున్నాను. ఇప్పుడు వినపడింది. ఎవరడిగినా చెప్తాను."

"ఏయ్, నీకెందుకు?" అన్నాడు కండక్టరుగారు.

"మీరు ఆ టోపీ పెట్టుకుని కూర్చోండి," అంది ఆవిడ.

పడవలో రెండు గెడలు ఉంటాయి, ఇలా బురదలో దిగితే నెట్టడానికి. ఒకటి నేను తీశాను. రెండోది ఆవిడ తీసుకుంది. పక్కటెముక మంట మండుతోంది. ఇద్దరం ఆనించి నెడితే పడవ ముక్కు బురదలోంచి నెమ్మదిగా ఊడింది. అవతల మా ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఒసేయ్! ఎక్కడికే? తాడు వెయ్యవే! తాడు వెయ్యి!" అని అరుస్తున్నాడు. వలల పడవ వాళ్లు ఆయనకేసే వస్తున్నారు. ఆయన మునిగేదేం లేదు. వాళ్లు కూడా ఆ చప్పుడు విన్నవాళ్లే.

"ఎటు నెట్టమంటావమ్మా?" అంది ఆవిడ.

కుడివైపు బుట్టల దీవి. అక్కడ రేవులో నన్ను చూడగానే రేడియో వచ్చిందోయ్ అంటారు, టీ ఇస్తారు, ఏదో ఒకటి చెప్పి నవ్వించమంటారు. ఎడమవైపు, గుంజల చివర, పోలీసు స్టేషను రేవు. పదిహేడేళ్లుగా రోజూ దాని పక్కనుంచే పోతున్నాను. ఒక్కసారీ తాడు విసరలేదు అక్కడ.

"ఎడమకండీ," అన్నాను.