రాచ్చిప్పలో తోడు

సూర్యావతి పెరుగుదాకల మీద మూతలు తీసి, ఒక్కొక్కదాన్నీ కొద్దిగా పక్కకి వంచి చూస్తోంది. పెరుగు కదల్లేదు. పిడకల సెగ మీద మధ్యాహ్నమంతా కాగిన పాలకి వచ్చే లేత ఎరుపు మీగడకి అంటుకుని ఉంది. చివరి దాక వంచినప్పుడు మాత్రం అంచున సన్నగా నీరు తేలింది.

"రాత్రి నీకు చలి తగిలింది," అని దాకతోనే అంది.

తరువాత గూట్లోంచి రాచ్చిప్ప తీసింది. నల్లరాతితో చేసిన గిన్నె, అరచేతిలో ఇమిడేంత. ఒక పక్క అంచు పెచ్చు లేచిపోయింది. అందులో పెరుగు అమ్మకానికి కాదు, సాయంత్రం పాలకి తోడు వేయడానికి. దాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ గూట్లో పెట్టింది.

"దాకలు నేను దింపుతాను అత్తయ్యా, మీ మోకాలు మళ్ళీ పట్టేస్తుంది," అంది కోడలు భవానీదేవి గుమ్మంలోంచి.

"దాకలు దింపు. చిప్ప జోలికి మాత్రం రాకు."

"ఆ చిప్పలో బంగారం దాచేరేమోనండి."

"బంగారమైతే నీకే ఇద్దును. అది పోతే మళ్ళీ చేయించుకోవచ్చు."

భవానీదేవి నవ్వింది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఈ మాట వింటూనే ఉంది. గేదెలకి మేత వేయడం, పాలు పితకడం, పాలు కాగే దాలిగుంటలో పిడకలు పేర్చడం, అన్నీ ఆమె పనులే. తోడు వేయడం ఒక్కటీ ఆమెది కాదు. సూర్యావతికి ఆ చిప్పని వాళ్ళ అమ్మ ఇచ్చింది. తల్లి చేతినుంచి కూతురికి వచ్చిన వస్తువు కూతురికే వెళ్ళాలని సూర్యావతి పట్టుదల. ఆమెకి కూతురు లేదు. ఒక్కడే కొడుకు నాగసతీష్, కువైట్‌లో డ్రైవరు. అందుకని బడికెళ్ళే మనవరాలు ఎదిగేదాకా చిప్పని తనే కాచుకుంటే చాలనుకుంది.

కార్తీక సోమవారం కాబట్టి మొదటి సోలెడు పెరుగు ఊళ్ళో గుడికి, కొప్పులింగేశ్వరుడి అభిషేకానికి వెళ్ళింది. మిగిలిన దాకల్ని బుట్టలో సర్దుకుని, తలమీద చుట్టకుదురు పెట్టుకుని కొత్తపేట దారి పట్టింది. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బుట్ట మోసిన చోట నడినెత్తిన జుట్టు పలచబడి, రూపాయి బిళ్ళంత చర్మం కనపడుతుంది. ఎన్నిసార్లు సున్నిపిండి పెట్టి తోముకున్నా ఆమె చేతుల నుంచి పెరుగు వాసన పోదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఆ వాసన గురించి వేళాకోళమాడేవాడు. పోయే ముందు మంచం మీద ఉన్నప్పుడు మాత్రం ఆ చెయ్యే పట్టుకుని పడుకునేవాడు.

బస్‌స్టాండు పక్కన టిఫిన్ హోటల్లో కనకదుర్గ గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏం పిన్నీ, ఇవాళ పెరుగు నీ నోటిలా పుల్లగా లేదు కదా?"

"నా నోరే పుల్లనైతే నీ హోటలు ఈపాటికి మూతపడును."

"మా ఇంట్లో పాలక్కూడా నీ పెరుగులోదే ఓ చెంచా వేస్తున్నాను. అయినా నీలాగ కుదరదు."

"కొన్నాక నీది. వేసుకో, పారబోసుకో. చెయ్యి మాత్రం నాది కదా, ఎలా కుదురుతుంది?"

తిరిగి వచ్చేటప్పుడు కాలవ వంతెన దగ్గర సూర్యావతి ఆగింది. ఎడం భుజం దగ్గర్నుంచి మోచేతి దాకా ఏదో బరువు. ఖాళీ బుట్ట ఇంత బరువేమిటి అనుకుని కుడి పక్కకి మార్చుకుంది. కాస్సేపు నీళ్ళకేసి చూసి, మళ్ళీ నడిచింది.

ఇంటి దగ్గర అరుగు మీద ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. భుజానికి సంచీ, కాళ్ళకి దుమ్ము. సూర్యావతి గుర్తుపట్టింది. కిందటేడు కొత్తపేటలో యూనివర్సిటీ వాళ్ళు తల్లివైపు వంశాల గురించి తెలుసుకోవడానికని జనం దగ్గర కాస్త కాస్త రక్తం తీసుకున్నారు. ఆ వచ్చినవాళ్ళలో రమ్యశ్రీ అని ఒకమ్మాయి ఉంది. "మా అమ్మమ్మది ఏ ఊరో చెబుతానని మాటిస్తేనే చెయ్యి చాపుతాను," అని సూర్యావతి ఆవేళ మొండికేసింది. చెప్పగలిగినంత చెబుతానని ఆ అమ్మాయి ఒప్పుకుంది.

"మాట నిలబెట్టుకున్నావమ్మా," అంది సూర్యావతి బుట్ట దింపుతూ. "అమలాపురం బస్సు దిగేవా?"

"అవునండి మామ్మగారూ. అటే వెడుతూ ఆగేను."

సూర్యావతి ఆమెకి ఎదురుగా చతికిలబడింది. ఆ ప్రశ్న ఆమెకి ఊహ తెలిసిన నాటిది. వాళ్ళ అమ్మ వరహాలమ్మ, ఏదో వరద ఏడాది ఆలమూరు రేవులో పడవ దిగిన జనంలోంచి తప్పిపోయిన పిల్ల. మాటలు సరిగా రాని వయసు. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. పలివెలలో సత్యనారాయణమ్మ అనే ఆవిడ తీసుకొచ్చి, పేరు పెట్టి, పెంచి, పెళ్ళి చేసింది. పెళ్ళయ్యాక కూడా వరహాలమ్మని అత్తవారింట్లో రేవుపిల్లనే పిలిచారు. పప్పులో ఉప్పు ఎక్కువైనా, బిడ్డకి జ్వరం వచ్చినా, ఏ నీళ్ళలో కొట్టుకొచ్చిందో అనే మాట ఒకటి పడేది. ఆవిడ ఎదురు చెప్పేది కాదు. సూర్యావతి చిన్నప్పుడు ఆ మాట విని పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది.

కిందటేడు పుష్కరాల్లో జొన్నాడ రేవులో కొడుకు పిండాలు పెడుతుంటే, "మా అమ్మని కన్నతల్లికి కూడా ఒక ముద్ద పెట్టించండి," అని అడిగింది. పేరేమిటమ్మా అన్నారు పంతులుగారు. తెలీదండి అంది. ఆవిడ వరసలోకి రాదమ్మా, అయినా అందరితో కలిపి పెట్టిద్దాం లెండి అన్నారాయన. పెట్టించారు కూడా. కాని తల్లి తల్లికి తల్లి వరసలోకి ఎందుకు రాదో సూర్యావతికి అర్థం కాలేదు. ఆవిడ లేకపోతే పిండం పెట్టే కొడుకెక్కడివాడు? ఆ మాట పంతులుగారిని అడగలేదు. స్వామిని మాత్రం ఒకసారి అడిగింది. 

"ఊరి పేరు రక్తంలో దొరకదు మామ్మగారూ," అంది రమ్యశ్రీ మెల్లగా. "ముందే చెప్పేను కదండి."

"చెప్పేవులే. అయినా ఆశ."

"కాని ఒకటి తెలిసింది. తల్లి నుంచి పిల్లలకి, వాళ్ళలో మళ్ళీ ఆడపిల్లల నుంచే వాళ్ళ పిల్లలకి వచ్చే గుర్తు ఒకటుంటుంది. మీలో ఉన్న గుర్తు ఈ దేశంలోకెల్లా బాగా పాతవాటిల్లో ఒకటండి. వేల వేల ఏళ్ళ కిందట సముద్రం ఒడ్డునే నడుచుకుంటూ వచ్చిన తల్లులదని మా పెద్దవాళ్ళ ఊహ. కొండల్లో ఉన్నవాళ్ళలో, ఈ లంకల్లో ఉన్నవాళ్ళలో, అటు తమిళదేశం దాకా కనపడుతుంది. పెద్ద కులమనీ చిన్న కులమనీ లేదు."

"ఎంత పాతదమ్మా? మా గుడి కన్నానా?"

"గుడి కన్నా చాలా పాతది."

"స్వామి కన్నా కాదుగా?"

"స్వామి సంగతి మా మాస్టారికి కూడా తెలీదండి."

సూర్యావతి నవ్వింది. నవ్వుతూనే చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే మా అమ్మ ఎక్కణ్ణించో కొట్టుకొచ్చింది కాదు. ఆవిణ్ణి ఆ మాటలన్నవాళ్ళ కన్నా ముందే ఇక్కడుంది." లేస్తూ, "నాలుగు మెతుకులు పెరుగన్నం తిని వెళ్ళమ్మా," అంది.

భవానీదేవి విస్తరి వేసింది. రమ్యశ్రీ తింటూ అడిగింది. "మీకు ఆడపిల్లలున్నారా మామ్మగారూ?"

"లేరు. మనవరాలుంది."

"కొడుకు కూతురా? అయితే ఆ పాపకి వాళ్ళమ్మ వైపుది వస్తుందండి. మీది మీ అబ్బాయితో ఆగుతుంది."

భవానీదేవి చేతిలో గరిటె ఆగింది.  సూర్యావతి గూట్లో ఉన్న రాచ్చిప్ప వైపు చూసింది. ఇంతకాలం ఎవరి కోసం దాచిందో ఆ పిల్లలో తను లేదట.

"నాన్నమ్మది ఏమీ రాదా?"

"రాకేమండి, పోలికలూ అవీ వస్తాయి. ఈ వరస ఒక్కటే రాదు." తన మాట ముసలావిడకి ఎక్కడో తగిలిందని రమ్యశ్రీకి అనిపించింది. మాట మార్చింది. "ఇంత కమ్మటి పెరుగు నేనెక్కడా తినలేదండి. ఈ తోడు కూడా మీ అమ్మమ్మగారి నాటిదేనా?"

"ఆవిడెక్కడుందమ్మా ఇవ్వడానికి? ఇది మా అమ్మని పెంచిన సత్యనారాయణమ్మ గారిది. ఆవిడికి కూతుళ్ళుండీ..." అంటూ సూర్యావతి ఆగిపోయింది.

ఆవిడికి ఇద్దరు కూతుళ్ళు. చిప్ప వాళ్ళకివ్వలేదు. రేవులో దొరికిన పిల్లకిచ్చింది. ఈ సంగతి సూర్యావతికి కొత్తదేమీ కాదు, అమ్మ వంద సార్లు చెప్పింది. కాని వినడం వేరు, ఇవాళ తన నోటితో అనడం వేరు. ఆ అమ్మాయి బస్సు కోసం వెళ్ళిపోయాక కూడా ఆమె అరుగు మీదే కూర్చుని ఉంది.

పొద్దు వాలింది. భవానీదేవి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి, సూర్యావతి కాగిన పాల ముందు పీట వేసి కూర్చుంది. రాచ్చిప్ప ఒళ్ళో ఉంది.

"ఇలా రా. వేలు పెట్టి చూడు."

"నేనా అత్తయ్యా?"

"మరి ఎవరు, మీ ఆయన కువైట్ నుంచి వచ్చి చూస్తాడా? వేడి చురుక్కుమనకూడదు. చల్లారిపోనూకూడదు. పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు ఎలా చూస్తావు, అలాగ."

భవానీదేవి పాలలో వేలు ముంచింది. చిప్ప అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీపాల వేళయ్యాక తోడు ఇవ్వకూడదంటారు కదండి. మీరే అంటారు."

"బయటివాళ్ళకి. ఇంట్లోవాళ్ళకేమిటి?"

భవానీదేవి తల వంచుకుని చిప్ప తీసుకుంది. దాక దాకకీ కాస్త తోడు వేసి, తెడ్డుతో ఒకే పక్కకి తిప్పింది. రేపటికని చిప్పలో కూడా గిద్దెడు పాలు పోసింది. సూర్యావతి ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒక్కచోట మాత్రం, "అంత గట్టిగా కలపకు, అదేం పిండి కాదు," అంది. తరువాత మనవరాల్ని పక్కలో వేసుకుని, వాకిట్లో నులకమంచం మీద ఒరిగింది. సముద్రం ఒడ్డున బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచివెళ్ళే ఆడవాళ్ళ కథ ఒకటి అల్లి చెబుతుంటే, పిల్ల మధ్యలోనే నిద్రపోయింది.

తెల్లారి దాకల దగ్గరికి సూర్యావతి రాలేదు. భవానీదేవి లేపడానికి వెళ్ళింది. మనవరాలి మీద వేసిన చెయ్యి వేసినట్టే ఉంది. చల్లబడిపోయింది.

చావు జరిగిన ఇంట్లో పెరుగు అమ్మరు, దాచరు. పాత దాకలు తీసేశారు. కోడలు మొదటిసారి తోడు వేసిన పెరుగు కదలకుండా, నీరు తేలకుండా తోడుకుంది. దాన్ని ఎవరూ రుచి చూడలేదు. కొబ్బరిచెట్టు మొదట్లో పోసేటప్పుడు భవానీదేవి అత్తగారి కోసం కన్నా దాని కోసమే ఎక్కువ ఏడ్చిందని ఇరుగుపొరుగు అనుకున్నారు. రాచ్చిప్పలోది కూడా పారబోసి, చింతపండుతో తోమి, గూట్లో బోర్లించింది. నాగసతీష్ వచ్చాడు, చేయవలసినవన్నీ చేశాడు. తోడు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మైల తీరిన సాయంత్రం కొత్తపేట నుంచి కనకదుర్గ వచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె, దానిమీద తమలపాకు మూత.

"పిన్ని దగ్గర కొన్నదే. రోజూ ఇందులోంచే వేస్తూ వచ్చేను, తెగిపోలేదు," అంది. "దీపాలు పెట్టకముందే అందుకోమ్మా, పొద్దు పోతోంది."

భవానీదేవి దాలి మీంచి పాలు దింపింది, వేలు పెట్టి చూసింది, పీట వేసుకుని కూర్చుంది.

పొద్దున్న మనవరాలు గూడు దగ్గర మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూసే సమయానికి, పెచ్చు లేచిన ఆ నల్లటి రాచ్చిప్పలో అంచుదాకా తెల్లగా పెరుగు తోడుకుని ఉంది.