బాబాయి నొక్కని కీ

తెర నల్లబడి, తెల్లటి అక్షరాలతో రెండు వరసలు పడ్డాయి. పైన కొత్త సిస్టమ్, కింద పాత సిస్టమ్. ఏది కావాలో చెప్పమని కంప్యూటర్ కాసేపు ఎదురుచూస్తుంది, ఎవరూ పలక్కపోతే తనంతట తనే కొత్తదాన్లోకి వెళ్ళిపోతుంది. బాబాయి కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, కీబోర్డు మీదికి వంగి, ఎర్రచుక్క ఉన్న కీ వెతికి నొక్కాడు. వెలుగు కింది వరసకి దిగింది. ఎంటర్ కొట్టి వెనక్కి వాలాడు.

అది బ్యాడ్జీలు కుట్టే చోటు. బడిపిల్లల జేబుల మీద ముద్రలు, ఆసుపత్రి కోట్ల మీద పేర్లు, కాపలావాళ్ళ భుజాల మీద పట్టీలు. కింద హాల్లో మిషన్లు రోజంతా దడదడలాడుతుంటాయి. మెట్లెక్కి వస్తే ఈ గది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. సూది ఎక్కడ దిగాలో, దారం ఎక్కడ తెగాలో ఇక్కడ గీసి పంపితే కింద మిషను కుడుతుంది. బాబాయి గీసే సాఫ్ట్‌వేర్ పాతది, కొత్త సిస్టమ్‌లో తెరుచుకోదు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అందుకని ఓనరు ఒకే డబ్బాలో రెండు సిస్టమ్‌లూ పెట్టించాడు. పొద్దున పాతదాంట్లో బాబాయి, మధ్యాహ్నం నుంచి కొత్తదాంట్లో కొత్తమ్మాయి. ఇద్దరూ ఫైళ్ళు దాచుకునే డిస్కు మాత్రం ఒక్కటే, వేరు కాపురాలు పెట్టిన తోడికోడళ్ళకి ఉమ్మడిగా మిగిలిపోయిన వంటింటిలా.

కొత్తమ్మాయి చేరి ఏళ్ళు గడిచాయి. బడికి వెళ్ళే కూతురుంది. అయినా ఆ పేరు పోలేదు. ఇవాళ ఆమెకి ఇక్కడ ఆఖరి రోజు.

తెర మీద మళ్ళీ ఆ మాట వచ్చింది. ఉమ్మడి డిస్కులో తేడా కనిపిస్తోంది, సరిచేస్తాను, వద్దనుకుంటే ఏదైనా ఒక కీ నొక్కండి. పక్కన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఏ కీ అయినా చాలు. బాబాయికి మాత్రం చుక్క ఉన్నదే చేతికి అందుతుంది. గబుక్కున నొక్కాడు. ఇప్పుడు నొక్కి ఏం లాభమని తనలో తనే అనుకున్నాడు.

సంగతేమిటో కంప్యూటర్ బాగుచేసే అతను మొదట్లోనే విడమరిచి చెప్పాడు. సాయంత్రం ఆపేసి వెళ్ళినా కొత్త సిస్టమ్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరుచుకునే ఉంటుంది. పొద్దున పాతది లేచి చూస్తే ఉమ్మడి డిస్కు సర్దీ సర్దనట్టు కనిపిస్తుంది. ఇదేదో చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. ఆ ఊడ్పులో అంతకుముందు రోజు కొత్తదాంట్లో చేసిన పనంతా పోతుంది. "పొద్దున తెరిచేది మీరే కదా, ఒక కీ నొక్కెయ్యండి చాలు. ఆ అమ్మాయికి కూడా ఓ మాట చెప్పండి" అన్నాడతను. తను నొక్కుతున్నాడు కదా, చెప్పేదేముందిలే అనుకున్నాడు బాబాయి. చాలాకాలం ఒక్క పొద్దు కూడా తప్పకుండా నొక్కాడు.

బాబాయిది సన్నటి మనిషి. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, కుడి చూపుడువేలి చివర సూదులు గుచ్చీ గుచ్చీ రాయిలా గట్టిపడిన చర్మం. తండ్రి దగ్గర చెక్క చట్రానికి బట్ట బిగించి కుట్టడం నేర్చుకున్నాడు. చట్రాలు పోయి మిషన్లు వచ్చినప్పుడు తోటివాళ్ళు తలో దారి పట్టారు, ఆయనొక్కడు పట్టుబట్టి నేర్చుకుని మిగిలాడు. కంప్యూటర్ వచ్చినప్పుడు మౌసుని రెండు చేతులతో పట్టుకున్నాడని కింద ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అప్పుడూ మిగిలాడు. ఈ కొత్త సిస్టమ్ వచ్చేసరికి మాత్రం ఓపిక లేకపోయింది. కళ్ళకి శుక్లాలు కూడా వచ్చాయి.

ఓ రోజు ఓనరు తన ఫోన్ తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాడు. ఏదో బడికోసం కొత్తమ్మాయి గీసిన గుర్రం ముద్ర. జూలు వెంట్రుక వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. "చూశారా బాబాయ్! ఇంక ఆ పాతది తీసేయిద్దాం, చోటన్నా కలిసొస్తుంది" అన్నాడు. అన్నవాడు టీ తాగి మర్చిపోయి ఉంటాడు. విన్నవాడికి ఆ పూట అన్నం సయించలేదు. పాతది తీసేస్తే అందులో కూర్చునేవాణ్ణి మాత్రం ఎందుకు ఉంచుతారు? మర్నాడు పొద్దున అంకెలు తగ్గుతుంటే బాబాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

గుర్రం పోయింది. సేవ్ చేశానని కొత్తమ్మాయి మొత్తుకుంది. సేవ్ చేస్తే ఎక్కడికి పోతుందన్నాడు ఓనరు. డిజైన్లు బయటికి పోతాయని పెన్‌డ్రైవులు రానివ్వడు, ఇంకోచోట దాచుకునే వీల్లేదు. ఆమె కూర్చుని మళ్ళీ మొదటినుంచీ గీసింది. అదీ పోయింది. మొదటిసారి చెయ్యి లేవలేదని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి బాబాయి ఆ అంకెలు అయిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. బడివాళ్ళు ఆర్డరు వేరేవాళ్ళకిచ్చారు. ఓనరు చెడ్డవాడు కాదు, అరవలేదు. నెలాఖరుదాకా ఉండి వేరే చూసుకోమన్నాడు.

ఆ మర్నాటి నుంచీ బాబాయి మళ్ళీ కీ నొక్కుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాడు. పొద్దున అది చేతికిస్తూ భార్య అడిగింది. "ఏంటండీ ఈమధ్య, పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు?" కళ్ళు మండుతున్నాయన్నాడు. "ఆ అమ్మాయి వెళ్ళిపోతోందిగా పాపం. మీ కళ్ళకి కాస్త ఆసరాగా ఉండేది" అందామె.

తినకుండానే డబ్బా మూసేసి కిందికి దిగాడు. ఓనరు గదిలో ఒక్కడే ఉన్నాడు, దారపు కండెల పెట్టె ముందు కూర్చుని రంగులు ఏరుతున్నాడు.

"బాబూ, ఆ అమ్మాయి తప్పేం లేదు" అన్నాడు బాబాయి గుమ్మంలోనే నిలబడి. "ఫైళ్ళు పోయింది నా వల్లే."

ఓనరు తలెత్తి చూసి నవ్వాడు. "ఊరుకోండి బాబాయ్. ఆమెని వెనకేసుకు రావడానికి నింద మీ నెత్తినేసుకుంటారా? మీది మెత్తటి మనసని నాకు తెలీదా?"

"అది కాదు బాబూ. పొద్దున కీ నొక్కాలి, నేను..."

"మీరు కీ నొక్కితే ఫైళ్ళు పోతాయా? ఆ కంప్యూటర్ గొడవలన్నీ మీకెందుకు? వెళ్ళి భోంచెయ్యండి."

నొక్కితే కాదు, నొక్కకపోతే. ఆ ఒక్క ముక్క నాలిక చివరిదాకా వచ్చింది. ఓనరు ఎర్రకండె ఒకటి పైకెత్తి, వెలుగులో తిప్పి చూస్తూ, "మీరు కూడా లేకపోతే నేనేమైపోవాలి చెప్పండి" అన్నాడు. బాబాయి వచ్చిన దారినే మెట్లెక్కాడు. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోతే నేనేం చెయ్యను అనుకోబోయాడు. ఒళ్ళు తేలికైనట్టుంది. ఆ తేలికకి మెట్ల మధ్యలోనే సిగ్గు ముంచుకొచ్చింది.

గదిలో కొత్తమ్మాయి అప్పటికే తన సొరుగు ఖాళీ చేస్తోంది. దువ్వెన, కూతురి బొమ్మ గీసిన కాగితం, నీళ్ళసీసా, ఒక్కొక్కటే సంచీలో వేసుకుంటోంది.

"ఎక్కడ చేరుతున్నావమ్మా?" అన్నాడు బాబాయి.

"ఊరవతల బట్టల ఫ్యాక్టరీలో. గీసే పని కాదు బాబాయ్, ప్యాకింగు. రెండు బస్సులు మారాలి. పాప బడి నుంచి వచ్చేటప్పటికి నేను అందుకోలేను. దాని మెళ్ళో తాళంచెవి వేసి పంపాలి ఇంక." ఆమె కాస్త ఆగి, "ఫైళ్ళు ఎలా పోయాయో నాకిప్పటికీ అర్థం కాలేదు. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను" అంది.

బాబాయి కిటికీ వైపు చూశాడు.

"ఒక సంగతి. పాత సిస్టమ్ తీసేయించొద్దని ఓనరుకి గట్టిగా చెప్పాను. ఇన్నేళ్ళ డిజైన్లూ మీ దాంట్లోనే తెరుచుకుంటాయి, తీసేస్తే ఆయనకే నష్టమన్నాను. సరేనన్నారు. మీరేం దిగులు పెట్టుకోకండి."

ఆ ఎర్రచుక్క పెట్టింది కూడా ఆమే. కీల మీద అక్షరాలు అలుక్కుపోయి, ఏది నొక్కుతున్నాడో తెలియక, ఈలోగా కొత్త సిస్టమ్ తెరుచుకుంటే బాబాయి మళ్ళీ ఆపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె ఓ రోజు పెందలాడే వచ్చి చూసింది. ఏమీ అడగలేదు. సంచీలోంచి గోళ్ళరంగు తీసి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, కీ మీద చుక్క పెట్టి, ఆరేదాకా ఊదింది. ఇంక వెతుక్కోకండి బాబాయ్, మీ కీ ఇదే, అంది.

ఇప్పుడు సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళినదల్లా ఆగింది. సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికి, వెనక్కి వచ్చి చిన్న సీసా బల్ల మీద పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచండి. చుక్క చెరిగిపోతే ఇంట్లో పిన్నిగారి చేత పెట్టించుకోండి."

"అమ్మాయ్" అన్నాడు బాబాయి.

ఆమె ఆగి చూసింది. మొహంలో విసుగు లేదు, అనుమానం లేదు. పెద్దాయన ఏదో చెప్పబోతున్నాడని వింటోందంతే.

"రోడ్డు జాగ్రత్తగా దాటు" అన్నాడు.

"సరే బాబాయ్."

చెప్పులు మెట్ల మీద టపటపమని దిగిపోయాయి, మిషన్ల చప్పుడులో కలిసిపోయాయి. కిటికీలోంచి వంగి చూస్తే వీధి మలుపు దాకా ఆమె కనిపించింది. అరిస్తే వినపడేంత దూరంలోనే నడుస్తోంది. తను దొంగపని చేశాడు, దాని ఫలితం ఇంకొకరు మోసుకుపోతున్నారు, ఇంతకంటే ఏం లేదు ఇందులో. మలుపు తిరిగేదాకా చూసి, బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. ఇక పొద్దునా మధ్యాహ్నమూ కుర్చీ ఆయనదే. రేపటి నుంచి ఊడ్చుకుపోవడానికి ఉమ్మడి డిస్కులో ఎవరి పనీ ఉండదు.

కీబోర్డు పక్కన గోళ్ళరంగు సీసా, మూత చుట్టూ ఎండిన ఎరుపుతో, ఇంకా సగానికి పైగా నిండుగానే ఉంది.