బిగిసే నడవ, పుదీనా నూనె

మొదట్లో తమ్ముడి దగ్గరున్నది పన్నెండు మిల్లీలీటర్ల నూనె. ఐదు కిలోల పుదీనాను కుక్కర్లో పెట్టి, ఆవిరిని రాగి గొట్టంలో చల్లార్చి తీశాడు.

"వంటిల్లు కాస్తా ఫ్యాక్టరీ చేశావు. టీ ఎక్కడ కాచుకోనురా?" అని అమ్మ సణిగింది.

అక్కకి ఉబ్బసం. తనకి ఆయాసం వస్తే ఆ ఇంటి నడవా బిగుసుకుంటుంది. మామూలుగా వెడల్పు తొంభై రెండు సెంటీమీటర్లు. అక్క దగ్గితే ఎనభై నాలుగు. పిల్లికూతలు మొదలైతే అరవై. అప్పుడు అమ్మ బట్టల బుట్ట నెత్తిన పెట్టుకుని పక్కవాటుగా నడుస్తుంది. సరుకులు తెచ్చినవాడు "అక్కకి మళ్లీ బాలేదా?" అంటూ గుమ్మంలోనే దించేస్తాడు.

పోయినసారి మాత్రం యాభైకి దిగింది. స్ట్రెచర్ వెడల్పు యాభై ఐదు. అక్కని దుప్పటిలో మోసుకుని బయటపడేసరికి పదకొండు నిమిషాలు. ఇంకో రెండు నిమిషాలైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరం బిగిస్తేనే ఆయాసమనీ, పుదీనా నూనె దాన్ని వదులు చేస్తుందనీ తమ్ముడు చదివాడు. నడవ గోడలకి పది చుక్కలు రాసి టేపు పెట్టాడు. తొంభై రెండే.

"దండగ!" అన్నాడు.

"వదులుగా ఉన్నదాన్ని ఇంకేం వదులు చేస్తుందోయ్, లెక్కల మాస్టారూ?" అంది అక్క. "బిగిసినప్పుడు కదా చూడాలి!"

గురువారం బిగిసింది. అక్క ఇన్‌హేలర్ పీల్చింది. అమ్మ అంబులెన్సుకి ఫోన్ చేసింది. నడవ యాభై ఒకటి. తమ్ముడు వేడినీళ్లలో నూనె కలిపి, గుడ్డతో రెండు గోడలూ తుడిచాడు. నాలుగో నిమిషానికి యాభై మూడు. తొమ్మిదో నిమిషానికి, అంబులెన్సు వచ్చేసరికి, యాభై ఏడు. స్ట్రెచర్ ఎక్కడా తగలకుండా వెళ్లిపోయింది.

"ఈసారి వేళకి తెచ్చారు," అన్నాడు డాక్టరు.

నాలుగో రోజు ఇంటికొచ్చిన అక్క, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగింది:

"నూనె వల్లేనంటావా? ఒట్టి వేడినీళ్ల వల్ల కాదూ?"

తమ్ముడికి ఆ సంగతే తట్టలేదు. అంతలో అక్కకి చిన్న దగ్గు; నడవ ఎనభై నాలుగు.

"అక్కా, మందు వేసుకో. కానీ కాసేపు అక్కడే కూర్చో!"

నేల మధ్య సుద్దగీత గీశాడు. అటు నలభై రెండు, ఇటు నలభై రెండు. కుడిచేతి గుడ్డని నూనె కలిపిన నీళ్లలో, ఎడమచేతి గుడ్డని ఒట్టి వేడినీళ్లలో ముంచి, పిండి, రెండు చేతులూ చాపాడు.