ఇంజను మోత ఆగాక

ఆ వీధిని పొద్దున్నే నిద్ర లేపింది చాలా ఏళ్లపాటు పిండిమిల్లు డీజిల్ ఇంజనే. దాని మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక, మిల్లు మావయ్య, అత్తయ్య సైగలతోనే కాపురం చేశారు. పిడికిలి బిగిస్తే గోధుమలు. వేళ్లు నలిపితే ఇంకా మెత్తగా ఆడమని. పొట్ట తడిమితే అన్నానికి రమ్మని. అలిగినప్పుడు ఆమె సైగలు కూడా మానేసేది.

పొగకి మావయ్యను దగ్గు పట్టుకుంది. కూతురు పట్టుబట్టి కప్పు మీద సోలార్ పలకలు వేయించింది. మబ్బు పడితే మర ఆగిపోకుండా బ్యాటరీలు కూడా ఉండాలంది. వాటి ఖరీదు వినగానే మావయ్య గుండె గుభేలుమంది. చివరికి ఆ డబ్బు కోసం ఇంజను అమ్మేశారు. జనం కూర్చుని కబుర్లాడుకునే గది బ్యాటరీల పాలైంది. ఇంజన్ని లారీకెక్కిస్తుంటే ఆయన దాని జిడ్డంతా తన తువ్వాలుతో తుడిచి మరీ పంపాడు.

డీజిల్ ఖర్చు పోయింది. దగ్గూ తగ్గింది. మర తిరుగుతోందో లేదో తెలియక జనం గుమ్మంలోంచి తొంగి చూసేవారు. ఇంకో తంటా ఏమిటంటే, మొగుడూ పెళ్లాల మాటలు వీధంతా వినపడసాగాయి.

"పిండి బరకగా ఉంది, కళ్లెక్కడ పెట్టావే?"

"మీ నెత్తిమీద! ఇంత గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?"

గిన్నెలతో నిలబడ్డవాళ్లు పక్కున నవ్వారు. అత్తయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఆ ఇంజనే నయమే, తిట్టినా వినపడేది కాదు" అని కూతురి దగ్గర వాపోయింది.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టి ఎండ మొహం చూపలేదు. బ్యాటరీలు చేతులెత్తేశాయి. ఇంజనుంటే ఆడేది కదా అని మావయ్య ఉసూరుమంటుంటే, అత్తయ్య టీ తెచ్చిచ్చి గోధుమ బస్తా మీద కూర్చుంది.

"ఒకటడుగుతాను. ఇంజను పక్కన నిలబడి ఎప్పుడూ పెదాలు కదిపేవారు. ఏం పాడేవారు?"

"పాటా, పాడా? నీతోనే మాట్లాడేవాణ్ణి. అమ్మ చనిపోయిన ఏడాది నా బెంగంతా నీకే చెప్పుకున్నాను. నువ్వు గోధుమలు చెరుగుతూ తలూపావు. విన్నావనుకున్నా."

"అయ్యో! మర బాగా ఆడుతోందా అని అడుగుతున్నారనుకున్నానండీ."

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

"సరే, ఇప్పుడు చెప్పండి. మొదట్నించీ."

పిండి కోసం వచ్చినవాళ్లను ఎండ వచ్చాక రమ్మని పంపేసి, ఆయన వాళ్లమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.